నాన్న మాట విన్నందుకు

రాసుకో అల్లుడూ, నేను చెప్పింది చెప్పినట్టు. మధ్యలో నీ పెద్ద పెద్ద మాటలు కలపకు.

అమ్మాయీ, నాకు దగ్గు ఇంకా తగ్గలేదు. అందుకే నిన్న వార్డు దాకా వచ్చి, తలుపు అద్దంలోంచి నీ పాదాలు చూసి వెళ్ళిపోయాను.

"దగ్గున్నవాళ్ళు లోపలికి రాకూడదు తాతగారూ" అంది నర్సమ్మ.

"దానికి కిడ్నీ ఇచ్చింది నేనేనమ్మా."

"ఇచ్చారుగా. ఇప్పుడు దగ్గు కూడా ఇస్తారా?"



నీకు ఆరో నెల. పొట్టలో కుడిపక్కన నేనిచ్చిన కిడ్నీ, దాన్నానుకుని బిడ్డ. ఒకే గదిలో ఇద్దరు అద్దెకున్నట్టు.

ఆ కిడ్నీని నీ ఒళ్ళు పరాయిదని తరిమెయ్యకుండా రోజుకి రెండు పూటలా మాత్రలు. నాలుగేళ్ళలో ఒక్క పూట తప్పలేదు నువ్వు.

తప్పించింది నేను.

ఆగిపోయావేం అల్లుడూ? రాయి.

"కడుపుతో ఉన్నదానివి, ఇన్ని మాత్రలేంటే? బిడ్డకి చేటు. రాత్రివి మానెయ్" అన్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి, ఏదో తెలిసినట్టు.

"బిడ్డకి పడనివి డాక్టరమ్మ ముందే మార్చేసింది నాన్నా" అన్నావు.

"ఆవిడ కిడ్నీనా? నాది. నాకు తెలీదా?" అన్నాను.

నువ్వు నవ్వావు. నవ్వి, మానేశావు.

మూడు వారాలకి కాళ్ళు పొంగాయి. బీపీ పెరిగింది. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఎవరు మానమన్నారు?" అని ఎన్నిసార్లు అడిగిందో. నువ్వు నోరు విప్పలేదు. పక్కనే ఉండి నేనూ విప్పలేదు.

నిన్న ఫోన్లో "నువ్విచ్చింది పాడుచేశానా నాన్నా?" అని ఏడ్చావు.

పొద్దున్నే వెళ్ళి డాక్టరమ్మకి చెప్పేశాను, మానమన్నది నేనేనని. తిడుతుందనుకున్నా. కూర్చోమని కుర్చీ చూపించింది.

మందు పనిచేస్తోందట. కిడ్నీ మెల్లగా దారికొస్తోందట. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందట. ఇంకో పది వారాలు ఎలాగోలా లాగాలట.

నువ్వేం పాడుచెయ్యలేదు తల్లీ. ఇచ్చిన రోజే అది నీదైపోయింది. అది తెలీక పెత్తనం చేశాను.

అంతే అల్లుడూ. సాయంత్రం వెళ్ళినప్పుడు చదివి వినిపించు. నిదానంగా.

ముందు మాత్ర మింగించు. తర్వాతే చదువు.

నాన్న ఏదో చెప్పాడంటే చాలు, అది మిగతావన్నీ పక్కన పెట్టేస్తుంది.