పస్తు పడ్డ ఉన్ని

ముందు గంట వినిపించింది. గొర్రెలు ఇంకా కనిపించలేదు. బీడు దాటి, దుమ్ము దాటి, పెద్ద పొట్టేలు మెడగంట ఆగి ఆగి మోగుతోంది. సిద్దమ్మ చేతిలోని వెదురు సూదులు నిలిచిపోయాయి. ఒడిలో నల్ల ఉన్ని స్వెట్టరు, ఇంకా ఒక చెయ్యి మిగిలే ఉంది. మందతో నల్లమల మేతకు పోయిన పెనిమిటి కోసం, అడవి చలికని అల్లుతున్నది.

దుమ్ములోంచి మంద వచ్చింది. మందతో మరిది చిన్న ఈరన్న ఒక్కడే వచ్చాడు.

"మీ అన్న యాడప్పా?"

"వస్తాండాడు వదినా."

సిద్దమ్మ కూర్చున్న అరుగెక్కలేదు. మంద నడుమనే నిలబడ్డాడు. సిద్దమ్మ గొర్రెలను చూసి గొణిగింది.

"ఈ కరువుకు కోయిలకుంట్ల చుట్టూ అందరూ బొచ్చు లేని ఎర్ర గొర్రెలకు మారిరి. మాంసం కోతకు బాగా పోతాయంట. మీ అన్నదమ్ములకే ఈ నల్లమంద పిచ్చి!"

మరిది నవ్వలేదు.

"సరేలే, మేత దొరికిందా?"

"నల్లమలలో మోకాలెత్తు పచ్చిక వదినా."

స్వెట్టరు చేతికి ఈ ఉన్ని పనికొస్తుందో లేదో చూడాలని సిద్దమ్మ పొట్టేలు వీపు మీద ఒక పాయ కత్తిరించింది. రెండు కొసలూ పట్టి లాగింది. గొర్రె పస్తున్న రోజుల్లో పెరిగిన ఉన్ని సన్నబడుతుంది. లాగితే అక్కడే తెగుతుంది. పాయ పైకొస దగ్గర తెగింది. అది ఊళ్లో ఎండు తుమ్మలు నమిలిన కాలం. దాని కింద ఉన్ని దిట్టంగా ఉంది. అది అడవి పచ్చిక. ఆమె తృప్తిగా మరొకసారి లాగింది.

టప్పుమని తెగింది. ఈసారి చర్మాన్ని అంటుకొని ఉండే మొదట్లో. అంటే, ఈ మధ్యనే.

"అంత పచ్చిక ఉంటే గొర్రెలెందుకప్పా పస్తున్నాయి?"

మరిది మంద లోపలికి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చెప్పప్పా!"

"మేయలేదు వదినా. మనిషి పడిపోయినాడు. చుట్టూ నిలబడినాయి. తోలినా కదల్లేదు. మట్టిలో పెట్టినంక గూడా తల వంచి మేయలేదు."

"ఏ మనిషి?"

అతడు తల దించుకున్నాడు.

స్వెట్టరు నేల మీద పడింది. పెళ్లయిన నాటి నుంచి పెదవి దాటని పేరు, పెండ్లాము పలకకూడని పేరు, సిద్దమ్మ గొంతు చీల్చుకొని వచ్చింది.

"మారెన్నా!"

"ఏమే, వీధిలో నిలబడి మొగున్ని పేరు పెట్టి పిలుస్తాండావు?"

దుమ్ములోంచి, గొంగడి భుజాన వేసుకొని, మారెన్న కుంటుకుంటూ వచ్చాడు. సిద్దమ్మ ఉరికిపోయి అతని చేతులు పట్టుకుంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"చచ్చిపోతివనుకొంటి! నీ తమ్ముడు చెప్పిన మాటకు నా పానం పాయె!"

"ఎవరు చెప్పింది?"

"నీ తమ్ముడే. మందను తోలుకొని వచ్చినాడు గదా. అడుగో..."

గొర్రెలు గుండ్రంగా నిలబడి ఉన్నాయి, తలలన్నీ లోపలికి. నడుమ నేల ఖాళీగా ఉంది.

మారెన్న భుజం మీది గొంగడి జారిపోయింది.

"మంద దాని పాటికది ముందుకు పాయె. తోలేదానికి ఎవరుండారే? ఈ చేతులతోనే గదా నల్లమలలో మట్టి కప్పి వస్తి..."

అతడు గొర్రెల నడుమ ఖాళీ నేల వైపు చూశాడు.

"చిన్న ఈరన్నను."