నాలుగో చుక్క

షోగిక్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. కిటికీ దాకా వెళ్తుంది, వస్తుంది, భూతద్దం పట్టుకుని మళ్లీ అదే గాజుపలక మీదికి వంగుతుంది.

పలకను పది నిమిషాలకోసారి కాస్త జరుపుతూ తీసిన ఫొటో అది. అందుకే ఒక్కో నక్షత్రానికి ఆరేసి చుక్కలు, అన్నీ ఆవగింజంతే. ఒక్క నక్షత్రానికి మాత్రం నాలుగో చుక్క మిరియపు గింజంత ఉంది. కుర్ర నక్షత్రం కదా, ఉన్నట్టుండి భగ్గుమంది. పది నిమిషాల్లో చల్లారిపోయింది.

రెండేళ్లుగా ఆమెకు ఇలాంటి మెరుపు ఒక్కటీ దొరకలేదు. ఇదీ కాదంటే వచ్చే నెల ఈ వేధశాల వదిలి, అరగాట్స్ కొండ దిగి, గోరిస్‌లో బడిపిల్లలకు లెక్కలు చెప్పుకోవాల్సిందే.

వేధశాల పెద్దాయన బాగ్రాత్ ఒంటి పలకను చచ్చినా నమ్మడు. అదే వేళకు పక్క గుమ్మటంలోని దుర్భిణితోనూ అదే ఆకాశాన్ని ఫొటో తీస్తారు. రెండింటిలోనూ ఉంటేనే మెరుపు. లేదంటే మరక.

ఆ గుమ్మటంలో పనిచేసే వానిక్‌ను అతని పలక తెమ్మన్నాడాయన.

"దాంతో పనేముందండీ, ఇంత స్పష్టంగా ఉంటే?" అంది షోగిక్.

కూతురు పుట్టిందని పొద్దుటి నుంచీ అందరికీ తీపిరొట్టె పంచుతున్న వానిక్, పలక తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏమయ్యా, పెళ్లాం నొప్పులు పడుతున్నా దుర్భిణి వదల్లేదన్నమాట," అన్నాడు బాగ్రాత్. "ఇంకోసారి చెప్పకుండా కొండ దిగితే ఉద్యోగం ఊడుతుందన్నాక దారికొచ్చావు."

వానిక్ నేల చూపులు చూశాడు.

అతని పలకలో ఆరు చుక్కలూ సమానం. పక్కన రాసి ఉంది: నాలుగో ఫొటో, ఒంటిగంటా ఇరవై, ఆకాశం నిర్మలం. కింద సంతకం.

"నీది మరకేనమ్మా," అన్నాడు పెద్దాయన. "ఈ పలక మీద అనుమానముంటే ఇప్పుడే చెప్పు."

వానిక్ నోరు తెరవబోయాడు. బల్ల కింద షోగిక్ అతని కాలు గట్టిగా తొక్కింది.

"ఏమీ లేదండీ," అంది. ప్రాణం ఉసూరుమంది. చేతికొచ్చిన నక్షత్రం చేజారిపోయింది.

ఈ ఫొటోలు తీసిన రాత్రి వానిక్ ఆసుపత్రికి పరిగెత్తితే, తన పలక పూర్తయ్యాక మంచులో పడుతూ లేస్తూ పక్క గుమ్మటానికి పోయి, గంటన్నర ఆలస్యంగా ఆ రెండో పలక తీసి, దాని మీద తన పలక మీదున్న వేళలే వేసి, వానిక్ సంతకం పెట్టింది షోగికే.