కట్ చెప్పని షాట్

మీరు నవ్వారు. బుకాయించకండి, టికెట్టు కొనుక్కుని మరీ నవ్వారు.

శౌరి తెర మీద తాగుబోతు, బయట కూడా తాగుబోతే. ఆ షాట్ తీసిన వారమే ఆసుపత్రి నుంచి వచ్చాడు. తాగుడుతో ఒంట్లో పొటాషియం పడిపోయిందనీ, గుండె లయ తప్పుతోందనీ, ఇక మందు ముడితే ప్రాణానికే ముప్పనీ డాక్టరు చెప్పాడు. ఆ సంగతి శౌరి మొదట చెప్పుకున్నది దర్శకుడు వెంకటరత్నానికే.

"నేనుండగా నీకు భయమేంటి బాబాయ్? సీసాలో ఎప్పట్లాగే టీ డికాషనే పోయిస్తా" అన్నాడతను.

ఫిల్మ్‌నగర్ సెట్టులో మొదటి టేకు చప్పగా వచ్చింది. "ఏంటి బాబాయ్, మందుతో పాటు నటన కూడా మానేశావా?" అని వెంకటరత్నం అందరినీ నవ్వించాడు. రెండో టేకుకు సీసా తనే తెచ్చి పెట్టాడు.

మొదటి గుక్కకే శౌరికి తెలిసిపోయింది. అది రమ్ము. కానీ దర్శకుడు కట్ చెప్పేదాకా నటుడు ఆపకూడదు. జీవితమంతా ఆ నియమానికే కట్టుబడ్డ మనిషి. వెంకటరత్నం కేసి చూశాడు. కానియ్యమన్నట్టు అతను చెయ్యి ఊపాడు. శౌరి సీసా ఖాళీ చేసి, గుండె పట్టుకుని, తూలి, కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. మళ్లీ లేవలేదు.

మీరు పడీపడీ నవ్వింది ఆ షాట్‌కే.

శౌరి తోటి నటులుగా మా డిమాండ్లు ఇవి. ఆ షాట్ సినిమాలోంచి తీసేయాలి. సీసాలో ఏముందో నటుడికి ముందే చెప్పాలి. నటుడు చెయ్యెత్తితే కెమెరా ఆగాలి. పోస్టరు మీద శౌరి బొమ్మ కింద రాసిన "సహజ నటన" అన్న మాట చెరిపేయాలి.