రెండు సీట్ల బండి

రన్‌వే మొదట్లో చిన్న విమానం. అందులో, ఇస్త్రీ చొక్కా నలక్కుండా నిటారుగా కూర్చున్న అరవై రెండేళ్ల పెద్దమనిషి.

బయట గడ్డిలో రేడియో పట్టుకుని నిలబడ్డ పంతులమ్మ ఆయన కూతురే. ఆ మైదానంలో విమానం నడపడం నేర్పేది ఆమే.

ఆయన ముప్పై నాలుగేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక కూతురి దగ్గరే శిష్యుడిగా చేరాడు. మైదానంలో ఉన్నంతసేపూ ఆమెని 'మేడమ్' అనే పిలుస్తాడు. మెకానిక్కులు నవ్వితే, గురువు గురువేనయ్యా అంటాడు.

ఇవాళ మొదటిసారి ఒంటరిగా ఎగరాలి.

గాలి మాత్రం పొద్దుటి నుంచీ ఒక మాట మీద లేదు. ఎడమ పక్క నుంచి వచ్చి ఓ తోపు తోసి, ఏమీ ఎరగనట్టు ఊరుకుంటోంది.

ఇంకెవరైనా అయితే రేపు రమ్మని పంపేసేది. నాన్నేమో తెల్లారకముందే లేచి, గడ్డం గీసుకుని, చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. వద్దనే మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఒక్కటే చెప్పింది, పదోసారి.

"నాన్నా, ముక్కు పక్కకి తిరిగితే కాళ్ల కింది పెడల్స్‌తో సరిచెయ్యాలి. చేతిలో ఉన్నది బస్సు స్టీరింగ్ కాదు, తిప్పితే రెక్కలు ఒరిగిపోతాయి."

"సరే మేడమ్."

విమానం కదిలింది. వేగం అందుకుంది. ముందు చక్రం లేచిందో లేదో, గాలి బలంగా కొట్టింది. ముక్కు ఎడమకి తిరిగింది.

ముప్పై నాలుగేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది! కాళ్లు కదల్లేదు. చేతులు కుడికి తిప్పేశాయి.

ఎడమ రెక్క పైకి లేచింది. కుడి రెక్క కొస నేలని గీరింది. విమానం గిర్రున తిరిగి గడ్డిలోకి పోయి, ముక్కు నేలకి ఆనించి, తోక పైకెత్తుకుని ఆగిపోయింది.

ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. రేడియో ఎక్కడ పడేసిందో తెలియదు. నేనే పంపాను, నేనే పంపాను అని ఒకటే మాట గుండెల్లో.

తలుపు లాగేసరికి నాన్న నిక్షేపంలా ఉన్నాడు. నుదుటి మీద చిన్న బొప్పి, అంతే. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో కూడా వేసుకున్నాడు.

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. తిట్టాలో నవ్వాలో తేల్చుకోలేక, ఆయన మెడ కావలించుకుని రెండూ చేసింది. అంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు.

ఆయనకి అదేం పట్టినట్టు లేదు. బెల్టులోనే నడుం తిప్పి, కంగారుగా వెనక్కి చూస్తున్నాడు. సీటు వెనక ఖాళీ సామాన్ల అర తప్ప ఏమీ లేదు.

"ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదమ్మా?"

కూతురు తల లోపలికి పెట్టి, ఆ అర అంతా నిదానంగా చూసింది.

"లేదు నాన్నా. అందరూ క్షేమంగా దిగిపోయారు."