అయిదు మార్కుల ప్రశ్న

సన్మానం అయ్యాక, శాలువాతోనే వేదిక దిగుతున్న కవి, ప్రొఫెసర్ భాస్కరమూర్తిగారికి ఓ ముసలావిడ ఎదురొచ్చింది.

“నేనండి, ఎలీసమ్మని. మీ తోటలో కొబ్బరి దింపు తీసిన మోషే పెళ్ళాన్నండి. ఆయన మీద మీరు రాసిన కవిత మా మనవరాలు అక్షయకి కాలేజీలో పాఠవండి.”

“ఆయ్, సంతోషం ఎలీసమ్మా.”

“తాగి చెట్టు మీంచి పడిపోయేడని రాసేరంట. ఆయన చుక్క ముట్టేవాడు కాదండి. వాన పడతంది, జారుద్దన్నా మీ నాన్నగారు ఎక్కించేరు. మీరూ అక్కడే ఉన్నారు కదండి.”

ఆయన శాలువా తీసి చేతిలో పట్టుకున్నారు.

“తగువుకి రాలేదండి. తాత ఎందుకు పడ్డాడని రేపు పరీక్షలో అడిగితే, తాగేడనే రాయాలా అని పిల్ల ఏడుస్తందండి.”

భాస్కరమూర్తిగారు తల దించుకున్నారు. ఆయన తయారుచేసిన రేపటి పేపర్లో ఆ ప్రశ్న ఉంది. దిద్దేవాళ్ళకి జవాబు రాసిచ్చిందీ ఆయనే.