గురువారం నాలుగింటికి

గురువారం నాలుగింటికి, ఫిల్మ్ రీళ్లను ప్రసారం చేసే మూడో నంబరు యంత్రం ఆగిపోతుందని పారిస్‌లోని ప్రభుత్వ టీవీ స్టూడియోలో అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి అంతే. విప్పి చూస్తే ఏ లోపమూ కనిపించేది కాదు. దానికి దయ్యం పట్టిందని చెప్పుకునేవాళ్లు. ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లడానికి కొందరు నిజంగానే జంకేవాళ్లు.

దాన్ని నడిపేది అన్సెల్మ్. వీధి వీధంతా కాఫీ దుకాణం అద్దానికి అతుక్కుపోయి టీవీ చూసే రోజుల్లో అతను పనిలో చేరాడు. ఇప్పుడు దేశం సగం ఈ చానల్ ముందే భోంచేస్తోంది. అంతగా పెరిగాక ప్రభుత్వం దాన్ని అమ్మేసింది.

కొన్నవాళ్ల తరఫున ఇంజనీరు వాస్సాల్ వచ్చాడు. ప్రసారం ఆగినప్పుడల్లా వేసే పాత చిన్న చిత్రాలు, ఆ నదులూ గొర్రెలూ గాలిమరలూ, ఇక అక్కర్లేదన్నాడు. రేపు చెత్తబండి వస్తుందట. సోమవారం నుంచి ఖాళీ దొరికితే సబ్బుల ప్రకటనలే.

తర్వాత అన్సెల్మ్‌ను పక్కకు పిలిచాడు.

"పెన్షన్‌కి ఇంకా రెండేళ్లుంది కదండీ మీకు. ఇవాళొక్కరోజు ఆగకుండా నడిపించండి. పనిలో ఉంచుకునేవాళ్ల జాబితాలో మీ పేరు ఉంచేస్తాను."

"పాత యంత్రమండీ."

"నేను అడుగుతున్నది యంత్రాన్ని కాదు."

తెర మీద కనిపించి కార్యక్రమాలు పరిచయం చేసే జిసెల్ పేరు అప్పటికే కొట్టేశారు. ఆమె తలుపు దగ్గర నిలబడి, "నా పనెలాగూ అయిపోయింది బాబాయ్. నీ దయ్యానికి కాస్త నచ్చజెప్పు, ఈ పూటకి నోరు మూసుకోమని," అంది.

అన్సెల్మ్ నవ్వలేదు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

నాలుగైంది. యంత్రం మెత్తగా తిరుగుతోంది. గాజు తలుపు అవతల వాస్సాల్ చేతిగడియారం చూసుకుని తృప్తిగా తలాడించాడు.

అన్సెల్మ్ అతని కళ్లలోకే చూస్తూ, యంత్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి వైరు లాగేశాడు.

దేశమంతటా తెరలు నల్లబడ్డాయి. అతను తొందరపడకుండా అరలోంచి పాత రీలొకటి తీసి పక్క యంత్రానికి ఎక్కించాడు. లోయిర్ నది కనిపించింది. నీళ్ల అంచున పరిగెడుతున్న ఐదేళ్ల పిల్ల ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యి ఊపింది.

ఊరి చివరి అద్దె ఇంట్లో, ప్రతి గురువారంలాగే టీవీకి దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చున్న అన్సెల్మ్ భార్య, ఆ చిత్రం తీసిన వేసవిలోనే అదే నదిలో మునిగిపోయిన తన కూతురికి తిరిగి చెయ్యి ఊపింది.