కుట్టినవారు తెలియదు

సకల జనుల సమ్మెలో బస్సులు లేక, సోమ్లీ నర్సింహులపేట దగ్గరి తండా నుంచి ఆటోలు మారి జనగామ చేరింది. బట్టల వ్యాపారి శివప్రసాద్ తన దుకాణం పైగదిలో తెలంగాణ కళల మ్యూజియం తెరిచాడు. ఆమె ఇచ్చిన అద్దాల లంగా అక్కడే ఉంది.

"గీ చీటీల నా పేరు ఏడుంది, సేటూ?"

శివప్రసాద్ చదివాడు. "లంబాడీ లంగా. వందేళ్ల నాటిది. కుట్టినవారు తెలియదు."

"నా పెండ్లికి నేనే గద కుట్టిన!"

"జర మెల్లగ, అవ్వా! పాతదంటెనే మన కళకు ఇజ్జత్."

సోమ్లీకి ఒళ్లు మండింది. లంగా అంచు పట్టుకుని, కుట్టును పళ్లతో పటుక్కున తెంపింది.

"మల్ల కుట్టి చూపిస్త, చూడు. గీ కుట్టు ఇంకెవ్వలకు రాదు."

"వందేళ్లదవ్వా, ఖరాబు చెయ్యకు!" అంటూ శివప్రసాద్ లంగా లాక్కున్నాడు.

రాష్ట్రం వచ్చేసరికి మ్యూజియం మూడు గదులైంది. లంగా గాజుపెట్టెలోకి చేరింది. సోమ్లీ ఈసారి చదువొచ్చిన మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లింది.

"కొత్త చీటీ పెట్టిన్రు, అవ్వా" అంది మనవరాలు.

"ఏం రాసిన్రు?"

"కుట్టినవారు తెలియదు. అంచు చిరుగు: పరాయి పాలకుల నిర్లక్ష్యం."